నీళ్ల మీద ఉండాడు

చిన్నపోలయ్య బతికి ఉన్నన్నాళ్లు నెలలో సగం రోజులు వేటకు ఎగనామం పెట్టేవాడు. పోయాక మాత్రం ఒక్క రోజు తప్పలేదు. పొద్దున్నే తెప్పలు ఒడ్డుకు రాగానే, చేపలు కుప్పలు పోయగానే, అతని కుప్ప అతనికి పడేది. తడిసేది లేదు, వణికేది లేదు, వల తాడుకు చేతులు కోసుకునేది లేదు. మా పాలెంలో అంత బుద్ధిగా సంపాదించిన మగవాడు మరొకడు లేడు. నా మొగుణ్ణి కూడా కలుపుకునే చెబుతున్నాను.

మాది విడవలూరుకు తూర్పున, ఇసుక దిబ్బల అవతల ఉన్న చిన్న పాలెం. మాలో వేట ఉమ్మడి. తెప్పలన్నీ కలిసి వెళతాయి, పడిన చేపంతా ఒక్కచోట పోసి మనిషికో కుప్ప చొప్పున పంచుతారు. పంచేది నా మొగుడు ఏకాంబరం. ఊళ్లో అందరికన్నా నిజాయితీపరుడని ఆ పని ఇవ్వలేదు, అందరికన్నా గొంతు పెద్దదని ఇచ్చారు. ఆయన పేరు పిలుస్తాడు, పేరుగలవాడు "ఉండా" అంటాడు, తన కుప్ప ఎత్తుకుంటాడు. ఎవరైనా ఇంకా ఒడ్డుకు చేరకపోతే ఆ ఇంటి మగవాడొకడు "నీళ్ల మీద ఉండాడు" అనాలి. అంటే చాలు, కుప్ప ఇంటికి పోతుంది.

ఈ కట్టుబాటు పెట్టినవాళ్లు మంచివాళ్లే. మా తాతల కాలంలో నాగూరయ్య అనే ఆయన తెప్ప గాలికి కొట్టుకుపోయి తడ దాటి పులికాటు దగ్గర తేలిందట. అక్కడ కల్లు బాగుందని ఆయన తీరిగ్గా కొన్నాళ్లుండి వచ్చేసరికి ఇంట్లో పిల్లలు పస్తులున్నారు. అప్పుడు పెద్దలు కూర్చుని, మనిషి ఒడ్డున అడుగు పెట్టేదాకా అతని వాటా అతనిదే అని తీర్మానించారు. ముత్యాలయ్య లాంటివాడు ఒకడు పుడతాడని పాపం వాళ్లకు తెలియదు.

ముత్యాలయ్య చిన్నపోలయ్యకు అన్న. అన్నదమ్ములిద్దరిదీ ఒకే ఇల్లు, మా పక్కిల్లే. ఊరి పెద్ద వలలో సగం ఆయనది. ఎంత మాటైనా గొంతు తగ్గించి మాట్లాడతాడు. అరిచేవాళ్లంటే నాకు భయం లేదు, అరిచి అలిసిపోతారు. ఇలా మెల్లగా మాట్లాడేవాళ్లతోనే చావు.

కొత్త పైసలు వచ్చిన రెండేళ్లకు కార్తీకంలో గాలివాన పట్టింది. అన్ని తెప్పలూ తిరిగొచ్చాయి, చిన్నపోలయ్య తెప్ప రాలేదు. కొన్నాళ్లకు దక్షిణాన ఇంకో పాలెం ఒడ్డున ఒక దుంగ పడిందని కబురొస్తే ముత్యాలయ్య బండి కట్టించుకుని పోయి తెచ్చాడు. చిన్నపోలయ్య పెళ్లాం చెంచమ్మ అతని తెప్ప దుంగలకు తాడు ఒరుసుకోకుండా తన పాత చీరల అంచులు చించి చుట్టి ఇచ్చేది. ఆ ఎర్ర అంచు దుంగకు అలాగే అంటుకుని ఉంది. బండి దగ్గర అది చూసి చెంచమ్మ నోరు తెరిచేలోపు ముత్యాలయ్య గుడ్డ పీకి పారేసి, "ఎవురిదో దుంగ" అన్నాడు. ఎవరిదో దుంగ కోసం ఎడ్లను అంత దూరం ఎందుకు తోలాడో మేమెవరమూ అడగలేదు. దాన్ని వంటపాక కప్పును మోసే నిట్టాడుగా నడుమ నిలబెట్టాడు. చెంచమ్మ రోజూ పొయ్యి ముందు కూర్చుని దానికే వీపు ఆనించేది.

దినం ఎప్పుడు చేద్దామని పెదకాపు మస్తానయ్య అడిగాడు. పెదకాపు అంటే మా ఊరి పెద్ద.

"శవం లేకుండా దినమేంది పెదకాపా," అన్నాడు ముత్యాలయ్య. "మనిషి కనపడకపోతే చచ్చినట్టేనా?"

మర్నాడు కుప్పలు పడ్డాయి. మా ఆయన చిన్నపోలయ్య పేరు పిలిచి ఆగాడు.

"నీళ్ల మీద ఉండాడు," అన్నాడు ముత్యాలయ్య.

అలా మూడేళ్లు ఉన్నాడు.

సగం వల ముత్యాలయ్యది కాబట్టి ఎవరూ నోరు మెదపలేదు. కాదనే ధైర్యం లేనప్పుడు మా మగవాళ్లకు ఆచారం మీద గొప్ప భక్తి పుట్టుకొస్తుంది. రేపు మన ఇంటికీ ఈ గతి పడితే ఈ కట్టుబాటే కదా కాపాడేది అని ఒకరికొకరు చెప్పుకుని చేపలు ఎత్తుకునేవాళ్లు. అది నిజమే. కాకపోతే కాపాడుతున్నది ఎవరినో చూడాలి కదా.

మగవాడు నీళ్ల మీద ఉంటే ఇంటి దగ్గర ఆడదానికి కొన్ని నియమాలున్నాయి. తల దువ్వకూడదు. పొలిమేర దాటకూడదు. అన్నిటికన్నా ముఖ్యంగా, కంట నీరు పెట్టకూడదు. పెడితే సముద్రం పొంగుతుందట. ఇవన్నీ తెల్లవారుజాము నుంచి పొద్దెక్కేదాకా పాటించడానికి పెట్టిన నియమాలు. తెప్పలు రాగానే మేం తల దువ్వుకుంటాం, తట్టలు నెత్తిన పెట్టుకుని విడవలూరు వైపు చేపలమ్మడానికి పోతాం, దారిలో మొగుళ్లను తలుచుకుని కావలసినంత ఏడుస్తాం. చెంచమ్మకు మాత్రం పొద్దెక్కలేదు. మూడేళ్లూ ఆమెకు తెల్లవారుజామే.

జుట్టు జడలు కట్టి పేలు పడితే పెద్దలు కూర్చుని బాగా ఆలోచించి శుక్రవారం దువ్వుకోవచ్చని సడలింపు ఇచ్చారు. శుక్రవారం దాకా ఆగమని పేలకు చెప్పినట్టు లేరు.

ఏడాదికోసారి ముత్యాలయ్య ఒక సోదెమ్మను పిలిపించి తమ్ముడి క్షేమం అడిగించేవాడు. మొదటి ఏడు చిన్నపోలయ్య తూర్పు దీవిలో ఉన్నాడు, కాలికి దెబ్బ తగిలింది. రెండో ఏటికి కాలు నయమైంది, ఒక షావుకారు దగ్గర పని కుదిరింది, మూడు పూటలా వరి అన్నం తింటున్నాడు. మూడో ఏడు ఒళ్లు చేశాడు, మెడలో గొలుసు వేసుకున్నాడు. బయలుదేరేవాడే గాని చైనావాళ్లతో యుద్ధం వచ్చి ఓడలు ఆపేశారు. ఆ యుద్ధం మంచుకొండల్లో జరుగుతోందని పంచాయితీ రేడియోలో చెప్పారు. సోదెమ్మ ఊళ్లో రేడియో లేదు కాబోలు.

ఈ మాటలన్నిటికీ తల ఊపుతూ కూర్చునేది కామమ్మ, వాళ్ల తల్లి. రోజూ చిన్న కొడుకు కంచంలో ముద్ద పెట్టేది, కాసేపు చూసి కాకులకు వేసేది. ఆమె నిజంగా నమ్మిందో లేదో నాకు తెలియదు. పెద్ద కొడుకు పెట్టే కూడు తింటూ చిన్న కొడుకు పోయాడని చెప్పడం కష్టమని మాత్రం తెలుసు. ఆమె నోటికి ఊరంతా జడిసేది. పొద్దున్నే కోడలి గడ్డం పట్టుకుని కళ్లు ఎర్రగా ఉన్నాయేమోనని చూసేది.

"పొగ అత్తా," అనేది చెంచమ్మ.

"పొగ రాని కట్టెలు పెట్టుకో," అనేది కామమ్మ.

ఒకనాడు నేను దడి పక్కన ఉప్పు చేపలు ఆరబోస్తుంటే చెంచమ్మ వచ్చి నిలబడింది. ఏదో అరువు అడగడానికి వచ్చిందనుకున్నాను.

"నాగులమ్మక్కా, నాకు ఒక్కసారి ఏడవాలనుంది," అంది. "గెట్టిగా, ఊరంతా వినేట్టు. మొగుడు పోయినోళ్లు ఏడుస్తారు, లేస్తారు, మొకం కడుక్కుని పనికి పోతారు. నేనింకా మొదలే పెట్టలా."

ఆమె అదేమీ బాధగా అనలేదు. బియ్యం లేవు అన్నట్టు అంది. నాకు కోపం నషాళానికి అంటింది. ముత్యాలయ్య మీద చూపించడానికి ధైర్యం చాలక, ఇంటికి పోయి మా ఆయన మీద చూపించాను.

"రేపట్నించి ఆ పేరు పిలవడం మానెయ్," అన్నాను.

"నేను పిలిచేవాణ్ణే," అన్నాడు ఆయన. "జవాబు చెప్పేది నేను కాదు గదా."

ఆ రోజు ఆయనకు కూర వేయలేదు. ఊరికి నేను చేసిన ఉపకారం అంతే.

ఆ మాఘంలో జువ్వలదిన్నెలో చెంచమ్మ తల్లి చనిపోయింది. కబురు తెచ్చినవాడు ఇంకా నీళ్లు కూడా తాగలేదు, చెంచమ్మ చీర చెరగు బిగించి పరుగు పెట్టింది. పొలిమేర రాయి దగ్గర ముత్యాలయ్య అడ్డంగా నిలబడి ఉన్నాడు. అరవలేదు, చెయ్యి పట్టుకోలేదు.

"దాటితే నా తమ్ముడికి దోషం," అన్నాడు మెల్లగా. "ఇన్నాళ్లు ఆగి, వాడొచ్చే ముందు వాడి పానం మీదికి తెస్తావామ్మే?"

మేం పాతికమంది ఆడవాళ్లం వెనకే నిలబడి ఉన్నాం. ఒక్కరికీ మాట రాలేదు. మామూలుగా మా నోళ్లకు మూతలుండవు. చెంచమ్మ ఆ రాయి వైపు కాసేపు చూసింది. మోకాలెత్తు కూడా లేని రాయి. తర్వాత వెనక్కి వచ్చి, వదిలేసిన చేపల ముందు కూర్చుని కత్తిపీట లాక్కుంది. ఆమె కళ్లు పొడిగా ఉన్నాయి. కన్నతల్లి పోయినప్పుడు అంత పొడిగా ఉన్న కళ్లను నేను చూడలేక ఇంట్లోకి పోయాను.

అది జరిగిన తర్వాతి మంగళవారం పోలేరమ్మ జాతర మాట్లాడుకోవడానికి పెద్దలు గుడి ముందు ఇసుకలో కూర్చున్నారు, మేం ఆడవాళ్లం కాస్త ఎడంగా కూర్చున్నాం. జాతర మాట అయిపోయి నైలాను వల మాట నడుస్తోంది. మద్రాసు నుంచి నైలాను వల తెప్పిస్తానని, పాత వలలో లాగే దానిలోనూ సగం తనదేనని ముత్యాలయ్య చెబుతున్నాడు. నైలానుకు డబ్బు ఎక్కడిదని అడగవలసిన పని లేదు. తమ్ముడు మూడేళ్లుగా కష్టపడుతున్నాడు కదా.

అప్పుడు చెంచమ్మ వచ్చింది. తల నున్నగా దువ్వి, నూనె పెట్టి, ముడి వేసుకుని వచ్చింది. మంగళవారం నాడు. మేమందరం ముందు ఆ తలనే చూశాం. చేతిలో సరుగుడు పుల్ల ఉన్న సంగతి తర్వాత చూశాం.

"పెదకాపా, నాకు విడాకులు కావాల," అంది. "పుల్ల నేనే తెచ్చుకున్నా."

మొగుడికీ పెళ్లానికీ పొసగకపోతే మాలో పెద్దల ముందు చెరొక కొస పట్టుకుని పుల్ల విరుస్తారు. విరిచే ముందు మొగుడు "నాకీ ఆడది వద్దు" అని మూడుసార్లు అనాలి. అక్కడితో ఎవరి దారి వాళ్లది. మొగుడు ఊళ్లో లేకపోతే అన్నో తమ్ముడో అతని బదులు కొస పట్టుకోవచ్చు, అతని బదులు మాట అనవచ్చు.

మస్తానయ్య చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఎవురి మీదమ్మే?" అన్నాడు. ఆయనకు చెవుడు లేదు.

"ఎవురి మీదేంది? నా మొగుడి మీద. తూర్పు దేశంలో మూడు పూట్లా వరన్నం తింటా ఉండాడంట. ఒళ్లు చేసినాడంట. మెళ్లో గొలుసంట. ఈడ పెళ్లాం ఏం తింటా ఉందో అడగలా. ఒక కబురంపలా. మా అమ్మ చచ్చిపోతే రాలా. అట్టాంటి మొగుడు నాకెందుకు?"

"యుద్ధం వచ్చింది గదమ్మే," అన్నాడు ఒకాయన.

"అయిపోయి ఎన్నాళ్లాయె. ఆ యుద్ధానికి పోయినోళ్లే ఇళ్లకొచ్చినారు. దాన్ని చూసి ఆగినోడు రాలేదా?" చెంచమ్మ పుల్లను పెద్దల మధ్య ఇసుకలో గుచ్చింది. "ఉండాడంటే పుల్ల విరవండి. లేడంటే దినం చెయ్యండి. రెండింట్లో ఏదో ఒకటి ఇయ్యాల చెప్పండి."

అందరూ ముత్యాలయ్య వైపు చూశారు. నాకు లోపల గంతులెయ్యాలనిపించింది. పట్టుబడ్డాడురా దొంగ, ఇప్పుడు తమ్ముడు పోయాడని నీ నోటితోనే చెప్పాలి అనుకున్నాను. ముత్యాలయ్యను నేను తక్కువ అంచనా వేశాను.

ఆయన గడ్డం నిమురుకున్నాడు. ఆ గడ్డం వెనక ఏం జరుగుతోందో నాకు కళ్లకు కట్టినట్టు కనబడింది. విడాకులిచ్చిన మొగుడు కూడా బతికున్న మొగుడే. వాటాకు ఢోకా లేదు. పైగా ఇంట్లో తినే నోరు ఒకటి తగ్గుతుంది.

"సరే," అన్నాడు మెల్లగా. "ఇష్టం లేని ఆడదాన్ని కట్టేస్తే రేపు తమ్ముడొచ్చి నన్నే అడుగుతాడు. వాడి బదులు నేను పట్టుకుంటా."

చెంచమ్మ ముఖంలో రక్తం లేదు. ఆమె పుల్ల తెచ్చింది విరవడానికి కాదు, అది చూపిస్తే వీళ్ల నోట నిజం రాలుతుందని. ఇప్పుడది విరిగితే చిన్నపోలయ్య ఆమెకు ఏమీ కాడు. విడిచిపెట్టిన మొగుడి కోసం మాలో ఎవరూ ఏడవరు. ఏడిస్తే సిగ్గులేదా అంటారు. మూడేళ్లు దాచుకున్న ఏడుపు ఇక ఎప్పటికీ ఆమెది కాదు. కానీ పదిమందిలో అడిగిన మాట వెనక్కి ఎలా తీసుకుంటుంది? పుల్ల పీకి ఒక కొస పట్టుకుంది. రెండో కొస ముత్యాలయ్య పట్టుకున్నాడు.

"నాకీ ఆడది వద్దు," అన్నాడు తమ్ముడి బదులు.

ఆయన తన కొసను ఇంకాస్త బిగించి పట్టుకున్నాడు.

"నాకీ ఆడది వద్దు," అన్నాడు మళ్లీ.

ఆడవాళ్ల గుంపులోంచి కామమ్మ లేచింది. ఆమెకు మోకాళ్ల నొప్పులు, లేవడానికి ఇద్దరి భుజాలు పట్టుకోవాలి. ఆ రోజు ఎవరినీ పట్టుకోలేదు. పుల్ల విరిచే ఆడది తప్ప ఇంకే ఆడదీ పెద్దలు కూర్చున్న చోటికి పోకూడదు. ఆమె పోయి, మూడో మాట ఆయన నోటి చివర ఉండగా పుల్లను నడుమ పట్టుకుంది.

"ఆ మాట వాడనడు," అంది.

"అమ్మా, గమ్మునుండు."

"నువ్వు గమ్మునుండరా. వాడు సోమరోడే, నా నోటితో నేనే అన్నా. ఎందుకు సోమరోడు? దీనికి జొరమొస్తే వేట మానుకుని పక్కన కూసుండేవాడు. దీనికి కాల్లో ముల్లు దిగితే వేట మానుకునేవాడు. ఊరంతా నవ్వినారు, నేనూ నవ్వినా. అట్టాంటోడు దీన్ని వద్దంటాడా? వాడు ఉంటే వచ్చేవాడు. ఏ దేశం నించైనా ఈదుకుంటా వచ్చేవాడు దీని తావకు. రాలేదంటే లేడు. నా బిడ్డ ఆ గాలివాన్లోనే చచ్చిపోయినాడు. మీకందరికీ తెలుసు. వాడి తెప్ప దుంగ మా వంటపాకలో నిలబడుండాది. వచ్చి చూసుకోండి."

ఎవరూ చూడడానికి లేవలేదు. చూడనిదెవరు? మస్తానయ్య ఇసుక వైపు చూస్తూ, ఎల్లుండి దినం అన్నాడు. మూడేళ్లపాటు తేలని సంగతి అంత తొందరగా తేలిపోయింది. పెద్దలంతా చాలా పని చేసినవాళ్లలా తువాళ్లు దులుపుకుని లేచారు. ముత్యాలయ్య ఒక్కడూ పుల్ల కొస పట్టుకుని ఇంకా నిలబడే ఉన్నాడు.

మేం ఆడవాళ్లందరం చెంచమ్మ చుట్టూ చేరాం. ఇంక ఏడువమ్మా, నీ కడుపులో ఉన్నదంతా కక్కెయ్యి అని వీపు నిమిరాం. పొలిమేర రాయి దగ్గర బెల్లంకొట్టిన రాళ్లలా నిలబడ్డవాళ్లమే. ఆమె మా ముఖాలు ఒక్కొక్కటే చూసింది. ఏడుపు రాలేదు.

శవం దొరకనివాళ్లకు మాలో అలల అంచున ఇసుకతో మనిషిని చేస్తారు. అల వచ్చి తీసుకుపోతే దినం అయినట్టు. చెయ్యవలసింది అన్న. ముత్యాలయ్య నాలుగు దోసిళ్లు గుమ్మరించి చేతులు దులుపుకున్నాడు.

"ఇదేంది, ఉప్పు కుప్పా?" అంది కామమ్మ. ఆయన్ను పక్కకు నెట్టి తనే కూర్చుంది. భుజాలు చేసింది, చాలవని మళ్లీ చేసింది. సోదెమ్మ లెక్కన పెట్టవలసిన పొట్ట పెట్టలేదు, డొక్కలు లోపలికి నొక్కింది. చెంచమ్మ పాదాల దగ్గర కూర్చుంది. ఎడమ కాలి రెండో వేలును బొటనవేలి మీదికి ఎక్కించింది. చిన్నపోలయ్య వేలు అలా ఉండేదని నాకు అప్పుడు గుర్తొచ్చింది. పక్కింటి మనిషి, రోజూ చూసిన కాలు, మూడేళ్లు వాటా తిన్న పేరు, ఆ వేలు మాత్రం ఎవరికీ గుర్తులేదు.

మూడేళ్ల కింద ఎవరినీ అడక్కుండా తీసుకున్న సముద్రం ఆ రోజు రమ్మని అడిగినా బద్ధకించింది. అలలు జానెడు దూరం దాకా వచ్చి వెనక్కి పోతున్నాయి. ఎండ ముదిరింది. ఇసుక మనిషిని రొంత కిందికి జరుపుదామా అన్నాడు ముత్యాలయ్య. తల్లి ఆయన వైపు చూసిన చూపుకు అంత మనిషీ మా ఆయన వెనక్కి జరిగాడు. చివరికి ఒక అల వచ్చింది. పాదాలు ముందు పోయాయి.

మేమందరం గుండెలు బాదుకుని ఏడ్చాం. బాగా ఏడ్చాం. చెంచమ్మ ఏడవలేదు. గాజులు తీస్తున్నప్పుడూ ఏడవలేదు. ఇంత గొడవ చేసింది ఏడవడానికే కదా, తీరా ఏడవకపోవడమేమిటని మాలో కొందరికి కోపం కూడా వచ్చింది.

మర్నాడు పొద్దున ఆమె తట్ట చంకన పెట్టుకుని మాతో పాటు ఒడ్డుకు వచ్చింది. తెప్పలు వచ్చాయి. మా ఆయన కుప్పలు వేసి పేర్లు పిలుస్తున్నాడు. ఉండా. ఉండా. ఉండా. అలవాటు మరి, నోరు ఆగలేదు.

"చిన్నపోలయ్య," అన్నాడు.

అని నాలుక కరుచుకున్నాడు. అప్పటికే ఆలస్యమైంది. ఆ పేరు అందరి మధ్యా నిలబడింది. కుప్పల దగ్గర అతని కుప్ప కూడా వేసే ఉంది. ముత్యాలయ్య నోరు సగం తెరుచుకుంది. ఆయనదీ అలవాటే.

కుప్పల దగ్గర ఆడవాళ్లు జవాబు చెప్పరు. మా పాలెం పుట్టినప్పటి నుంచి చెప్పలేదు.

"లేడు," అంది చెంచమ్మ.

ఆ మాట తన చెవిన తనే విన్నట్టుంది. తట్ట జారి కింద పడింది. ఆమె ఇసుకలో కూలబడి ఏడ్చింది. మేం ముందురోజు ఏడ్చినట్టు కాదు, రాగం లేదు, మాటలు లేవు, అడ్డూ ఆపూ లేదు. మొగుడి కోసం ఏడ్చింది, తల్లి కోసం ఏడ్చింది, పొలిమేర రాయి కోసం, దువ్వని తల కోసం ఏడ్చింది. దిబ్బల అవతలికి వినబడి ఉంటుంది. కామమ్మ వచ్చి పక్కన కూర్చుని కోడలి గడ్డం పట్టుకుని కళ్లు చూసింది, ఎర్రగా ఉన్నాయి. అప్పుడు ఆమె కూడా మొదలుపెట్టింది.

చేపల మీద ఈగలు మూగుతున్నాయి. కాకులు దిగుతున్నాయి.

"ఎండెక్కతాంది ఏకాంబరం, పంచు," అన్నాడు ముత్యాలయ్య.

నా మొగుడు ఆ మాట విననట్టు చేతులు కట్టుకుని సముద్రం వైపు చూస్తూ నిలబడ్డాడు. పెళ్లయిన నాటి నుంచి ఆయన మీద అంత ప్రేమ నాకు ఎప్పుడూ కలగలేదు. ఆ రాత్రి కూర రెండుసార్లు వేశాను.

ఏడవడం అయ్యాక చెంచమ్మ సముద్రంలోకి దిగి ముఖం కడుక్కుని వచ్చింది. చిన్నపోలయ్య కుప్పను ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. చందువలు, సావళ్లు, ఒక చిన్న వంజరం. అతని వాటా అతని పెళ్లానిదే అన్నాడు మస్తానయ్య, ఇదే ఆఖరని కూడా అన్నాడు. మూడేళ్లలో ఆమె చేతికి వచ్చిన మొదటి వాటా అదే. తట్టలో పోసుకుని నెత్తికెత్తుకుంది. పొలిమేర రాయి దగ్గర ఆగుతుందేమో, దాన్ని ఏమైనా అంటుందేమోనని నేను చూశాను. మా ముందు నడుస్తున్నదల్లా ఎండ కాలుతోందని ఒక చేత్తో పైట భుజాల మీదికి లాక్కుంటూ దాటిపోయింది. విడవలూరు వీధుల్లో "చేపలమ్మా చేపలు" అని ఆమె కేక వేస్తే తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి. ఆ గొంతు మా ఆయనకన్నా పెద్దది. ఆ సంగతి ఆయనకు చెప్పాను కూడా.

సాయంత్రం తిరిగొచ్చాక అత్తాకోడళ్లిద్దరూ వంటపాకలోకి పోయారు. కాసేపటికి దుంగ పట్టుకుని బయటికి వచ్చారు, ముందు కోడలు, వెనక మోకాళ్లు తిట్టుకుంటూ అత్త. ఊరి ఉత్తరపు కొసన దిబ్బ పక్కన వాళ్లు వేసుకున్న గుడిసెకు ఈనాటికీ నిట్టాడు అదే. ముత్యాలయ్య వంటపాక ఆ సాయంత్రమే కూలింది. పొయ్యి మీద పులుసు ఉడుకుతోందట.